విలియం లిల్లీ చేపల దొంగతనం చార్ట్ నాకు సరిగ్గా రావడం లేదు, సాయం చేయండి

అందరికీ నమస్కారం. నాకు మన ప్రశ్న జ్యోతిషం (ప్రశ్న అడిగిన సమయానికి చక్రం వేసి జవాబు చెప్పడం) కొద్దిగా వచ్చు. ఈ మధ్య లండన్ జ్యోతిష్కుడు విలియం లిల్లీ (1602–1681) గురించి చదువుతున్నాను. పల్లెటూరి నుంచి వచ్చి ఒక ఇంట్లో పనివాడిగా చేరి, యజమాని పోయాక ఆయన భార్యనే పెళ్లాడిన మనిషి! 1666 లండన్ అగ్నిప్రమాదం ముందే ఎలా తెలిసిందని పార్లమెంటు కమిటీ పిలిచి అడిగింది కూడా.

1647లో వచ్చిన ఆయన 'క్రిస్టియన్ ఆస్ట్రాలజీ'లో ఒక ప్రశ్న చక్రం ఉంది. 1638 ఫిబ్రవరిలో ఆయన కొన్న చేపలే దొంగతనానికి గురయ్యాయి. చక్రం వేసి దొంగ జాలరి అని తేల్చి, వారంటు తీసుకుని వెళ్తే ఆ ఇంట్లో కొన్ని చేపలు దొరికాయట. మిగతావి అప్పటికే తినేశారు.

దాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మొదట రవి దగ్గర్నుంచి అన్నీ తప్పాయి. అప్పటి ఇంగ్లండ్‌లో జూలియన్ క్యాలెండర్ అని తెలిశాక 10 రోజులు కలిపాను, మన నిరయన లెక్కలో అప్పటికి ఉండే సుమారు 19 డిగ్రీల తేడా (అయనాంశ) ఆపేసి, పాశ్చాత్యుల సాయన పద్ధతి పెట్టాను. గ్రహాలు కుదిరాయి. భావాలు (చక్రంలోని 12 ఇళ్లు) మాత్రం ఇంకా పక్కకే పోతున్నాయి. భావాలు విభజించడానికి లిల్లీ వాడింది రెజియోమోంటానస్ పద్ధతి, నా యాప్‌లో అది లేదు. ఉచితంగా అది ఉన్న సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్తారా? టైమ్ విషయంలో కూడా, అప్పుడు ఆయన ఉన్న ఊరి స్థానిక సమయమే ఇవ్వాలా?

ఇంకొకటి. మనం దొంగను సప్తమం (ఏడో ఇల్లు) నుంచి చూస్తాం కదా. లిల్లీ అయితే కేంద్రంలో (1, 4, 7, 10 ఇళ్లలో) ఉండి స్వక్షేత్ర (సొంత రాశి), ఉచ్చ లాంటి ఏ బలమూ లేని గ్రహాన్ని కూడా దొంగగా పట్టుకుంటాడు. రెండూ వేరైతే దేనికి ముందు ప్రాధాన్యం? ఆ పద్ధతిలో సాధన ఉన్నవాళ్లు ఒక ఉదాహరణతో చెప్తే బాగుంటుంది.