గోడకు గిటార్ తగిలించే ముందు ఆ గోడ దేనితో కట్టారో తెలుసుకోవడం ఎలా?

ఆరుతీగలు (నార్సింగి):
అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడు గిటార్లు ఉన్నాయి. ఒకటి అకౌస్టిక్, ఒకటి ఎలక్ట్రిక్, మూడవది మా అబ్బాయి వాయించే బేస్. రెండేళ్ల క్రితం నార్సింగిలో కొనుక్కున్న అపార్ట్‌మెంటులో వీటిని హాలు గోడకు వరుసగా తగిలించాలని ఎంతో కాలంగా కోరిక. ముందుగా ఒక్క హ్యాంగర్ తెప్పించి, దానితో పాటు వచ్చిన స్క్రూలనూ ప్లాస్టిక్ ప్లగ్గులనూ వాడి, హ్యామర్ డ్రిల్‌తో రంధ్రాలు చేసి బిగించాను. పదకొండు రోజులు ఏ ఇబ్బందీ కనిపించలేదు. పన్నెండవ రోజు తెల్లవారుజామున పెద్ద చప్పుడు విని హాలులోకి వెళ్లేసరికి, పద్నాలుగేళ్లుగా నాతో ఉన్న అకౌస్టిక్ గిటార్ నేల మీద బోర్లా పడి ఉంది. హెడ్‌స్టాక్ (తీగలు చుట్టే మరలుండే తల) మొదట్లో, అది నెక్‌ను, అంటే మెడను కలిసే చోట నిలువునా పగులు వచ్చింది. స్క్రూలు వంగలేదు, విరగలేదు. ప్లగ్గులతో సహా గోడలోంచి జారి బయటికి వచ్చేశాయి, ఆ రంధ్రాల నుంచి బూడిద కలిసిన తెలుపు రంగులో మెత్తని పొడి రాలింది. గిటార్‌ను మరమ్మతుకు ఇచ్చాను. పొరపాటు ఎక్కడ జరిగిందో తెలిస్తే తప్ప మిగిలిన రెండింటినీ గోడకు తగిలించే ధైర్యం చాలదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పునాది (కూకట్‌పల్లి):
ఆరుతీగలు గారూ, గిటార్‌కు దెబ్బ తగిలినందుకు చాలా బాధగా ఉంది. నేను ఇరవై ఏళ్లకు పైగా భవన నిర్మాణ పనుల్లో ఉన్నాను. మీరు చెప్పిన పొడి రంగును బట్టి చూస్తే మీది ఏఏసీ బ్లాకులతో కట్టిన గోడ, అంటే మేస్త్రీలు లైట్ వెయిట్ ఇటుక అని పిలిచేది. గోడ గురించి తెలుసుకోవడానికి అన్నింటికన్నా నమ్మదగిన సాక్ష్యం డ్రిల్ బిట్‌తో పాటు బయటికి వచ్చే పొడే. ప్లాస్టరింగ్ చేసిన గోడకు మొదటి అర అంగుళం వరకు ఆ ప్లాస్టరింగ్ పొడే వస్తుంది కాబట్టి దానిని లెక్కలోకి తీసుకోకూడదు. ఆ తరువాత ఎర్రని పొడి వస్తే మట్టి ఇటుక. ముదురు బూడిద రంగు పొడి కొద్దికొద్దిగా వస్తూ బిట్ ముందుకు పోవడానికి మొరాయిస్తే కాంక్రీటు. లేత రంగులో, వేళ్ల మధ్య నలిపితే పిండిలా ఉండే పొడి ధారాళంగా వస్తూ, బిట్ వెన్నలోకి దిగినట్టు దిగిపోతే ఏఏసీ. తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చి, కొంత లోతు పోగానే బిట్ ఒక్కసారిగా ఖాళీలోకి జారితే అది జిప్సమ్ బోర్డు పార్టిషన్, దానికి బోర్డు వెనుక ఉన్న లోహపు చట్రాన్ని వెతికి పట్టుకోకుండా గిటార్ తగిలించనే కూడదు.

ఏఏసీ బ్లాకు తయారీలో అల్యూమినియం పొడి కలుపుతారు. దాని వల్ల వాయువు పుట్టి, బ్లాకు నిండా లెక్కలేనన్ని చిన్న బుడగలు ఏర్పడతాయి. బ్లాకు ముక్కను నీటిలో వేస్తే తేలుతుంది కూడా. అంత గుల్లగా ఉన్న పదార్థాన్ని హ్యామర్ మోడ్‌లో, అంటే బిట్ తిరుగుతూనే సుత్తిలా కొట్టే పద్ధతిలో తొలిస్తే రంధ్రం చుట్టూ ఉన్న బుడగల గోడలన్నీ చితికి, 6 ఎం.ఎం. బిట్ పెట్టినా 8 ఎం.ఎం. రంధ్రం తయారవుతుంది. మామూలు ప్లగ్ పనిచేసేది పక్కలకు విచ్చుకుని గోడను గట్టిగా నొక్కి పట్టడం వల్లే. నొక్కితే నలిగిపోయే గోడలో దానికి పట్టు దొరకదు. మీ హ్యాంగర్ పదకొండు రోజులు నిలిచిందంటే అది చాలావరకు ప్లాస్టరింగ్ పొర పట్టుతోనే నిలిచి ఉంటుంది.

బరువు గురించి కూడా ఒక మాట చెప్పాలి. రెండు కిలోల గిటారే కదా అని చాలామంది అనుకుంటారు కానీ, గిటార్ గోడకు అంటుకుని ఉండదు, హ్యాంగర్ చెయ్యి సుమారు 10 సెం.మీ. ముందుకు పొడుచుకు వస్తుంది. పై స్క్రూకూ, గోడకు ఆనే హ్యాంగర్ ఫలకం అడుగు అంచుకూ మధ్య 5 సెం.మీ. దూరం ఉంటే, 4 కిలోల ఎలక్ట్రిక్ గిటార్ ఆ పై స్క్రూను దాదాపు 8 కిలోల బలంతో బయటికి లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు రాత్రీ పగలూ ఆగదు. అందువల్ల స్క్రూలు పక్కపక్కన ఉన్న హ్యాంగర్ కంటే, ఒకదాని కింద ఒకటిగా, వీలైనంత ఎడంగా ఉన్న హ్యాంగర్ మేలు.

పెంకుటిల్లు (వెస్ట్ మారేడ్‌పల్లి):
మా తాతగారి కాలం నాటి ఇంట్లో తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు తగిలించిన గిటార్ పదహారేళ్లుగా కదలలేదు. పాత ఇళ్లలో అసలు ఇబ్బంది ప్లాస్టరింగ్‌దే. మా గోడకు కొన్ని చోట్ల ఒక అంగుళానికి పైగా మందం ఉంది, కాబట్టి అంగుళంన్నర ప్లగ్ వేస్తే దానిలో చాలా భాగం ప్లాస్టరింగ్‌లోనే ఉండిపోతుంది. నేను రెండున్నర అంగుళాల స్క్రూ వాడాను. బిట్ మీద కావలసిన లోతు దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటే ఎంత తొలచాలో తెలుస్తుంది. ఇటుకల మధ్య సందులో, అంటే పాత సున్నం ఉన్న చోట రంధ్రం పడితే మాత్రం అక్కడ ప్లగ్ వేయకుండా రంధ్రాన్ని పూడ్చి, ఇటుక మీదికి వచ్చేలా రెండు అంగుళాలు జరగండి.

షడ్జమం (తెల్లాపూర్):
మాది మివాన్ పద్ధతిలో కట్టిన టవర్. ఇటుక అన్నదే లేకుండా గోడలన్నీ కాంక్రీటుతో పోతపోసినవి. బలం విషయంలో ఇంతకు మించినది లేదు కానీ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, ఇంట్లో ఉండే చిన్న డ్రిల్ దీనికి చాలదు, రోటరీ హ్యామర్ అద్దెకు తెచ్చుకోవాలి. లోపల ఇనుప చువ్వ తగిలితే దానిని కోయడానికి ప్రయత్నించకుండా ఆపి, పక్కన మరో రంధ్రం చేసుకోవాలి. రెండవది ప్రాణాలకు సంబంధించినది. ఈ గోడల్లో కరెంటు వైర్ల కన్‌డ్యూట్ పైపులు పోత సమయంలోనే లోపల ఉండిపోతాయి. మామూలు గోడలో స్విచ్ బోర్డుకు నిలువుగా పైకీ కిందికీ వైర్లు ఉంటాయని అంచనా వేయవచ్చు, ఇక్కడ అవి వంపు తిరిగి కూడా పోవచ్చు. అందుకని స్విచ్ బోర్డుకూ, ఏసీ పాయింటుకూ, టీవీ పాయింటుకూ నిలువు వరుసలోనే కాక రెండు పక్కలా కనీసం ఒక అడుగు వదిలేశాను. వైర్లను పసిగట్టే డిటెక్టర్‌తో గోడంతా చూసిన తరువాత, ఆ గది ఎంసీబీ ఆపి, పక్క గది నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి డ్రిల్ చేశాను. బాత్‌రూమ్‌కు ఆనుకున్న గోడ జోలికి అసలు పోలేదు, నీటి పైపు పగిలితే కింది అంతస్తు వారికి కూడా నష్టం.

అద్దెఇల్లు (మాదాపూర్):
నేను అద్దెకు ఉంటున్నాను. గోడకు ఒక్క రంధ్రం చేసినా అడ్వాన్సులో కోత పడుతుందని ఇంటి యజమాని ముందే చెప్పారు. జిగురు టేపుతో అతికించే హుక్కులకు గిటార్ తగిలించవచ్చా?

పునాది (కూకట్‌పల్లి):
వద్దండీ. ఆ టేపు పట్టుకునేది గోడను కాదు, గోడ మీద ఉన్న పెయింటును, దాని కింది పుట్టీని. ఎండాకాలపు వేడికీ వానాకాలపు చెమ్మకూ పుట్టీ పెచ్చులుగా ఊడడం మన ఇళ్లలో చూస్తూనే ఉంటాం. మీరు నేల మీద నిలిపే స్టాండు వాడడం క్షేమం. లేదంటే యజమానిని ఒప్పించి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి పెయింటు వేయించి ఇస్తామని కాగితం మీద రాసి ఇవ్వండి. మా బంధువుల అబ్బాయికి ఆ పద్ధతిలోనే అనుమతి దొరికింది.

మేళవింపు (తార్నాక):
గిటార్ల మరమ్మతు నా వృత్తి. గోడ గురించి పైన పెద్దలు చెప్పారు కాబట్టి నేను గిటార్ వైపు నుంచి చెబుతాను.

నా దగ్గరికి వచ్చేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న, తల పట్టుకుని వేలాడదీస్తే నెక్ సాగిపోదా అని. సాగదు. తేలికపాటి స్టీలు తీగలను శ్రుతి చేసి ఉంచిన అకౌస్టిక్ గిటార్ నెక్ మీద ఆ తీగల లాగుడే సుమారు 70 కిలోలు ఉంటుంది. దానిని ఏళ్ల తరబడి మోస్తున్న నెక్‌కు తన ఒంటి బరువు రెండు కిలోలు లెక్కలోకి రాదు. గోడకు ఉన్న గిటార్‌ను నిజంగా దెబ్బతీసేది గాలిలోని తేమ హెచ్చుతగ్గులు. అకౌస్టిక్ గిటార్‌కు 45 నుంచి 55 శాతం తేమ అనుకూలం. మన హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం కంటే కిందికి పడిపోతుంది, జూలై నుంచి సెప్టెంబరు వరకు 70 దాటి పోతుంది. ఎండిన చెక్క కుంచించుకుపోయి, ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) అంచులు బయటికి పొడుచుకు వచ్చి చేతికి గీరుకుంటాయి, పై పలక లోపలికి కుంగి చివరికి పగులుతుంది. వానాకాలంలో అదే పలక ఉబ్బి తీగలు ఎత్తుకు లేస్తాయి. పెట్టెలో ఉన్న గిటార్‌కు ఈ మార్పు నెమ్మదిగా తెలుస్తుంది, గోడ మీద ఉన్నదానికి ఆ రక్షణ ఉండదు.

కాబట్టి పడమటి వైపు బయటి గోడను ఎంచుకోవద్దు. వేసవి సాయంత్రం ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే కారణం మీకే అర్థమవుతుంది. వానలకు చెమ్మ ఎక్కేదీ అలాంటి బయటి గోడలకే. ఏసీ గాలి సూటిగా తగిలే చోటు, వంటింటి ద్వారం పక్కన, కిటికీ ఎండ పడే చోటు కూడా వద్దు. ఎయిర్ కూలర్ గురించి ఎవరూ ఆలోచించరు. కూలర్‌కు ఎదురుగా తగిలించిన గిటార్‌కు పగలంతా తడి గాలి కొట్టి, కూలర్ ఆపగానే పొడి గాలి తగులుతుంది. ఒక్క రోజులోనే రెండు ఋతువులు దాని మీదుగా పోయినట్టు. గత వేసవిలో అలా బ్రిడ్జి (పై పలక మీద తీగలు కట్టే చెక్క) ఊడిన గిటార్‌ను నేను స్వయంగా అతికించాను. గదిలో తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టుకుని, 40 శాతం కంటే తగ్గిన రోజుల్లో అకౌస్టిక్‌ను దింపి పెట్టెలో పెట్టండి. రంధ్రాలు చేసిన సబ్బుపెట్టెలో బాగా పిండిన తడి స్పాంజిని ఉంచి, చెక్కకు తగలకుండా గిటార్ పెట్టెలోనే ఒక మూలన పెడితే చాలు. దట్టమైన ఘన చెక్కతో చేసిన ఎలక్ట్రిక్, బేస్ గిటార్లు దీనిని కొంత తట్టుకుంటాయి.

హ్యాంగర్ చేతులకు ఉండే నురుగు తొడుగుల సంగతి కూడా చూసుకోండి. నైట్రోసెల్యులోజ్ వార్నిష్ వేసిన గిటార్లకు కొన్ని రకాల రబ్బరు, నురుగు తగిలితే రసాయన చర్య జరిగి, వార్నిష్ మెత్తబడి మచ్చ పడుతుంది, అది పోదు. మీ గిటార్ ఏ రకమో తెలియకపోతే చేతులకు రంగు వేయని నూలు బట్ట చుట్టండి.

అమ్మకచేరి (బోడుప్పల్):
మా పాపకు నాలుగేళ్లు. కిందికి వేలాడే గిటార్ కనిపిస్తే పట్టుకుని లాగుతుంది. హుక్కు ఆరున్నర అడుగుల ఎత్తున పెట్టించి, కింద సోఫా గానీ స్టూలు గానీ లేకుండా చూసుకున్నాము. మంచం తల వైపు గోడకు మాత్రం ఎవరూ తగిలించవద్దని నా మనవి. మరొక సంగతి, సౌండ్‌హోల్‌కు, అంటే గిటార్ పై పలకలో ఉండే గుండ్రని రంధ్రానికి మూత పెట్టండి. మా గిటార్‌లో బల్లి గుడ్లు పెట్టిన సంగతి మాకు నెల తరువాత తెలిసింది.

షడ్జమం (తెల్లాపూర్):
మా పక్క స్థలంలో పునాదుల కోసం బండలు పేల్చినప్పుడల్లా కిటికీ అద్దాలు అదురుతాయి. నగరపు పడమటి వైపు ఉన్నవారికి ఇది తెలిసిన విషయమే. గిటార్ బరువుకు దానంతట అదే మూసుకుని మెడను పట్టుకునే చేతులున్న హ్యాంగర్ వేసుకోవడానికి మాకు ఇదే కారణం.

ఆరుతీగలు (నార్సింగి):
అందరికీ కృతజ్ఞతలు. పునాది గారి సూచనతో రంధ్రం లోతుగా పరీక్షించి చూశాను, ఏఏసీ గోడే. నెల రోజులు ఆలోచించి చేసిన పని ఇది. రాణిగంజ్ వెళ్లి, ఏఏసీ బ్లాకుల కోసమే ప్రత్యేకంగా చేసిన పొడవాటి నైలాన్ ప్లగ్గులు తెచ్చాను. హ్యాంగర్లను నేరుగా గోడకు బిగించకుండా, నాలుగు అడుగుల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు, 18 ఎం.ఎం. మందం ఉన్న ప్లైవుడ్ పలకను వడ్రంగి చేత కోయించి, దానిని గోడకు ఎనిమిది ప్లగ్గులతో బిగించాను. హ్యామర్ మోడ్ ఆపి, మామూలుగా తిరిగే డ్రిల్‌తో, ప్లగ్ పొట్లం మీద రాసిన సైజు బిట్‌తోనే తొలిచి, లోపలి పొడిని సైకిల్ పంపుతో ఊదేశాను. మూడు హ్యాంగర్లనూ ఆ పలకకు 45 సెం.మీ. ఎడంతో బిగించాను, కాబట్టి బరువు ఒక్క చోట పడకుండా ఎనిమిది చోట్లకు పంచుకుంటుంది. గిటార్ తగిలించే ముందు ఒక్కొక్క హ్యాంగర్‌కు 10 కిలోల బియ్యం సంచిని తాడుతో కట్టి మూడు రోజులు వదిలేశాను. పలక పై అంచు వెంబడి గోడ మీద పెన్సిలుతో గీసిన గీత వెంట్రుకవాసి కూడా తప్పలేదు. మరమ్మతు నుంచి వచ్చిన అకౌస్టిక్ నిన్న గోడకెక్కింది.

పునాది (కూకట్‌పల్లి):
చాలా చక్కగా చేశారు. ఆ పెన్సిలు గీతను చెరపవద్దు. ఆరు నెలలకొకసారి చూసి, పలకకూ గోడకూ మధ్య సందు కనిపిస్తే గిటార్లు దింపి, స్క్రూలను మరింత బిగించే బదులు ప్లగ్గులనే మార్చండి. ఏఏసీలో మరీ బిగిస్తే ప్లగ్ లోపలే తిరిగిపోతుంది.

అద్దెఇల్లు (మాదాపూర్):
మా యజమాని ఒప్పుకున్నారు, కాగితం రాసి ఇచ్చాను. నాది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్. మామూలు హ్యాంగర్‌లో పడుతుందా?

మేళవింపు (తార్నాక):
కొలిచి చూడండి. క్లాసికల్ గిటార్ నెక్ పైభాగాన సుమారు 52 ఎం.ఎం. వెడల్పు ఉంటుంది, ఎలక్ట్రిక్‌కు 42 ఎం.ఎం. దగ్గరలో ఉంటుంది. రెండు చేతుల మధ్య సందు నెక్ కంటే కొద్దిగా ఎక్కువ ఉండాలి, హెడ్‌స్టాక్ భుజాలు మాత్రం రెండు చేతుల మీదా సమానంగా ఆనాలి. బరువు తీగలు చుట్టే మరల మీద పడకూడదు. దుకాణానికి గిటార్‌ను వెంట తీసుకువెళ్లి, అక్కడే తగిలించి చూసి కొనండి.