నాన్నని లివర్ ట్రయల్‌లో చేర్చాలా? ఫారం చూశాక భయమేస్తోంది

మిర్యాలగూడ అమ్మాయి:
మా నాన్నకి 58 ఏళ్ళు, రైస్‌మిల్లులో గుమస్తా. చుక్క ముట్టడు. అయినా లివర్ జబ్బనగానే చుట్టాలు అదోలా చూస్తున్నారు. పదేళ్ళుగా షుగర్, దాంతోపాటు ఫ్యాటీ లివర్. లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్‌లో 11.2 వచ్చింది, గట్టిపడటం మొదలైందన్నారు. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రివాళ్ళు కొత్త మందు ట్రయల్‌లో చేరతారా అని అడిగారు.

చేరేముందు సంతకం పెట్టాల్సిన ఫారం 24 పేజీలు. తెలుగే. కానీ నాలుగో పేజీలో 'యాదృచ్ఛికీకరణ' దగ్గర నాన్న కళ్ళజోడు తీసేసి "ఇది నాకోసం రాసింది కాదమ్మా" అన్నాడు. ఏడాదిన్నరలో 14 సార్లు వెళ్ళాలి, ప్రతిసారీ పరగడుపున. అంటే తెల్లారి నాలుగింటికి బస్సెక్కి, షుగర్ మనిషి పదింటిదాకా ఏమీ తినకూడదు. పైగా రెండు బయాప్సీలు, అంటే సూదితో లివర్ ముక్క తీయడం. స్కాన్ ఉండగా సూది ఎందుకు? మందు లేని ఉత్త మాత్ర వస్తే ఇదంతా వృథాయేనా?

పాత కోఆర్డినేటర్:
ఇలాంటి ట్రయల్స్‌లో ఆరేళ్ళు పనిచేశాను. 'యాదృచ్ఛికీకరణ' అంటే ఎవరికి మందు, ఎవరికి ఉత్త మాత్ర అని చీటీ తీయడం, అంతే. కంప్యూటర్ తీస్తుంది, ఎవరికేది పడిందో డాక్టరుకీ తెలియదు. పేషెంట్లకి నేను అలాగే చెప్పేదాన్ని. ఫారంలో మాత్రం రాయనిచ్చేవారు కాదు.

ఇక సూది. ఇలాంటి ఫ్యాటీ లివర్‌కే రెస్మెటిరోమ్ అనే మందుకి 2024 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ ట్రయల్‌లో 966 మంది. మొదట్లో ఒక బయాప్సీ, 52 వారాలకి ఇంకొకటి. ముక్క చూపిస్తేగానీ అధికారులు నమ్మలేదు. తీసే ముక్కేమో లివర్‌లో దాదాపు యాభై వేలో వంతు! ఒకే స్లైడు చూసి ఒక పాథాలజిస్టు గట్టిదనం రెండో దశ అంటే ఇంకొకరు మూడో దశ అంటారు. స్కాన్‌తో సరిపెట్టే రోజు రావాలనే నా కోరిక కూడా.

ఆ ట్రయల్‌లో ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళలోనూ 14 శాతం మందికి గట్టిదనం కనీసం ఒక దశ తగ్గింది. ఎక్కువ డోసు మందు వాళ్ళలో 26 శాతం. తిండి మీద శ్రద్ధ పెరగడం కొంత, సూది వేరే చోట పడటం కొంత అయ్యుండొచ్చు.

ఖమ్మం బాబాయ్:
అమ్మా, నేను ఒకదాంట్లో చేరి తొమ్మిదో విజిట్‌కి మానేశా. మందు పడక కాదు, తిరగలేక. టికెట్ డబ్బులు మూడు నెలలకి వచ్చాయి, పోయిన కూలీ మాట ఎవరూ ఎత్తలేదు. కారణం చెప్పకుండానే మానేయొచ్చని ఫారంలోనే ఉంది, అయినా మూడుసార్లు ఫోన్ చేశారు. ఇంకోటి, ఏడు గొట్టాల రక్తం తీసేవాళ్ళు గానీ, మధ్యాహ్నానికి ఒళ్ళు తేలిపోతోందంటే రాసుకునేవాళ్ళు లేరు. నాకు కావాల్సింది అది తగ్గడమే కదా. సంతకానికి ముందే ఖర్చుల సంగతి తేల్చుకోండి. కొన్ని రక్తపరీక్షలు మీ ఊళ్ళోనే తీస్తారేమో అడగండి.

పాత కోఆర్డినేటర్:
బాబాయ్ గారిది నిజం. సగం మంది ఇలాగే మానేస్తే ఆ మందు పనిచేసిందో లేదో తేలదు, అది ఎవరికీ పట్టదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం మన దేశపు 2019 ట్రయల్ నిబంధనల్లో ఉన్నాయి. ట్రయల్‌లో చేరినవాళ్ళ క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ నంబరు ఫారంలో ఉంటుంది, రాసిపెట్టుకోండి. నాన్నగారి మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉందా? పరగడుపున అది వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు. ఆ రోజు ఏం చేయాలో డాక్టర్ని ముందే అడగండి.

మిర్యాలగూడ అమ్మాయి:
ఉందండీ, గ్లిమెపిరైడే. పొద్దున ఫోన్ చేశా. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చి టిఫిన్ చేసేటప్పుడు వేసుకోమన్నారు. ముందురోజు రాత్రి ఉండటానికి గది ఇస్తారా అంటే, కంపెనీని అడిగి చెప్తామన్నారు. నాన్న మాత్రం చీటీ సంగతి విని "అంతేనా!" అని మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇప్పుడు తొమ్మిదో పేజీలో ఉన్నాడు.