రెండు ట్రంకు పెట్టెల యూనియన్ కాగితాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
కామ్రేడ్స్, పీ3కి (తపాలా శాఖ క్లాస్ 3, అంటే గుమస్తా స్థాయి ఉద్యోగుల యూనియన్) డివిజన్ సెక్రటరీగా పాతికేళ్లకు పైగా చేసిన ఒక నాయకుడి కాగితాలు రెండు ట్రంకు పెట్టెలు యూనియన్ ఆఫీసుకు వచ్చాయి. సైక్లోస్టైల్ సర్క్యులర్లు, మినిట్స్ పుస్తకాలు, టెలిగ్రాములు, చార్జిషీట్లు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. సగం వాటి మీద తేదీల్లేవు. ఆయన పనితీరు మీద చిన్న పుస్తకం వేయాలి. సబ్జెక్టు వారీగా విడదీయమంటారా?

జవాబు 1:
విడదీయకండి. ఏ కాగితం ఏ ఫైల్లో దొరికిందన్నదే ఒక సాక్ష్యం. ఒక క్లర్కు చార్జిషీటు వెనకాల సూపరింటెండెంట్‌తో జరిగిన మీటింగ్ అజెండా ఉందంటే, ఆ కేసును అక్కడ లేవనెత్తి ఉంటారు; ఆ నెల మినిట్స్ చూస్తే తేలిపోతుంది. ఉన్న వరసలోనే పెన్సిల్‌తో "పెట్టె 1, ఫైలు 7, కాగితం 23" అని మూలన వేసుకుంటూ పోండి. పెన్ను వాడొద్దు.

తేదీ లేనివాటికి ఆనవాళ్లు కాగితంలోనే ఉంటాయి. అచ్చు చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిదే. లేనంత మాత్రాన ముందుదని రాసేయకండి, పాత లెటర్‌హెడ్లు అయిపోయేదాకా వాడేవారు. ఎన్‌ఎఫ్‌పీటీఈ (తపాలా, టెలిగ్రాఫ్ ఉద్యోగుల జాతీయ సమాఖ్య) పేరుంటే 1954 తర్వాతిది. పీ అండ్ టీ పేరుతో ఒకటిగా ఉన్న తపాలా, టెలికాం శాఖలు విడిపోయింది 1985లో, కాబట్టి "పీ అండ్ టీ డైరెక్టర్ జనరల్‌ గారికి" అని మొదలైన మెమొరాండం అంతకు ముందుది. ఊళ్లలో పార్ట్‌టైమ్‌గా పనిచేసే తపాలా సిబ్బందికి "ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) ఏజెంట్లు" అన్న పేరు పోయి "గ్రామీణ డాక్ సేవక్" వచ్చింది 2001 రూల్స్‌తో. "క్లాస్ 3" అన్న మాటను మాత్రం నమ్ముకోవద్దు. ఆ ఉద్యోగులనే శాఖ గ్రూప్ సీ అనడం మొదలుపెట్టాక కూడా యూనియన్ పేరులో అది చాలాకాలం నిలిచింది.

జవాబు 2:
అన్నిటికంటే ముందు టెలిగ్రాములు చూడండి. ఫారం మీద అతికించిన టేపు ముక్కల జిగురు ఎండి ఊడిపోతుంది, ఆ జిగురు కోసమే సిల్వర్‌ఫిష్ పురుగులు చేరతాయి. ముక్క ఊడితే వాక్యం వరస పోయినట్టే. అందుకే కదపకముందే ఫోటో తీయాలి. తుప్పుపట్టిన గుండుసూదిని లాగితే కాగితం చిరుగుతుంది, అటూ ఇటూ నిదానంగా తిప్పి వదులు చేయండి. సెల్లోటేపు, లామినేషన్ జోలికి వెళ్లొద్దు. స్కానింగ్ 300 డీపీఐలో చాలు, కార్బన్ కాపీలు కలర్‌లో తీయండి. వెనకవైపు సిరా కనబడుతుంటే కాగితం కింద నల్ల అట్ట పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
సమ్మెల కట్ట ఒకటి విడిగా ఉంది. అందులో ఏం వెతకాలి?

జవాబు 3:
కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1960 జులై సమ్మె ఐదు రోజులు నడిచింది, 1968 సెప్టెంబర్ 19ది ఒక్కరోజు టోకెన్ సమ్మె. 1968లో తాత్కాలిక ఉద్యోగులను రూల్ 5 (తాత్కాలిక ఉద్యోగులను నోటీసుతో తొలగించే నిబంధన) కింద తీసేశారు. అలాంటి ప్రతి కేసుకూ టెర్మినేషన్ మెమో, యూనియన్ రాసిన రిప్రజెంటేషన్, తిరిగి తీసుకున్న ఆర్డరు, ఈ మూడూ జతపడతాయేమో చూడండి. తిరిగి తీసుకున్నారని రాసి ఊరుకుంటే సరిపోదు. గైర్హాజరును డైస్ నాన్ (సర్వీసు లెక్కలోకి రాని రోజు) అన్నారా, సర్వీసులో బ్రేక్ అన్నారా? మొదటిదైతే ఆ రోజుల జీతం పోతుంది, పాత సర్వీసు నిలుస్తుంది. రెండోదైతే, దాన్ని మాఫీ చేయించకపోతే, అంతకుముందు సర్వీసు పెన్షన్ లెక్కలోంచి ఎగిరిపోతుంది. నాయకుడి అసలు కష్టం ఆ మాఫీ కోసం రాసిన ఉత్తరాల్లో కనిపిస్తుంది.

రూల్ 14 కేసుల్లో (పెద్ద శిక్షలకు ముందు జరిగే శాఖాపర విచారణలు) డిఫెన్స్ అసిస్టెంట్‌గా, అంటే ఉద్యోగి తరఫున వాదించేవాడిగా, ఆయన రాసిన బ్రీఫ్‌లు ఉంటే అవి బంగారం. అయితే ఉద్యోగి పేరు, ఆఫీసు పేరు తీసేసి, మీరు వేసిన కాగితం నంబరుతోనే పుస్తకంలో వాడండి. ఆ ఆరోపణలు ఎదుర్కొన్నవారి కుటుంబాలు అదే ఊళ్లో ఉంటాయి.