పేరిణి ప్రదర్శన వీడియో తీశా, గురువుగారు పెన్‌డ్రైవ్ వెనక్కి ఇచ్చేశారు. ఎట్లా తీయాలి?

కాజీపేట_కెమెరా:

అందరికీ నమస్తే. మాది కాజీపేట. 11 ఏళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు కవర్ చేస్తున్నా. జనగామ, పరకాల దాకా పోతుంటా. డ్యాన్స్ అంటే నాకు తెలిసింది సంగీత్ నైట్ ఒక్కటే. పోయిన నెల ఒక పేరిణి (కాకతీయుల కాలం నాటి శివతాండవ నృత్యం) గురువుగారు పిలిచి, వాళ్ల శిష్యుల ప్రదర్శన తీయమన్నారు. ఎనిమిది మంది కుర్రాళ్లు, గంటంబావు ప్రోగ్రాం. రేటు తక్కువే. కానీ ఒంటి నిండా విభూతి, మెడలో రుద్రాక్షలు, కుర్రాళ్లు ఎగిరి దూకుతుంటే ఫ్రేములు అదిరిపోతాయని ఒప్పుకున్నా.

రెండు కెమెరాలు పెట్టా. ఒకటి గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే స్టాండు) మీద నేనే, స్టేజీ ముందు అటూ ఇటూ తిరుగుతూ. ఇంకోటి వెనక మా తమ్ముడు, జూమ్ లాగుతూ. సౌండ్ వాళ్ల మిక్సర్ నుంచి కేబుల్ తీసి నా రికార్డర్‌కి ఇచ్చా. ఎడిటింగ్‌కి నాలుగు రోజులు కూర్చున్నా. గంటంబావును 22 నిమిషాలకు దింపి, ఎగిరిన చోటల్లా స్లో మోషన్ వేశా. రెండు మూడు చోట్ల సౌండ్ పలచగా ఉందని నా దగ్గరున్న రెడీమేడ్ డ్రమ్స్ కింద కలిపా. మా ఇంట్లో వాళ్లంతా చూసి సినిమాలా ఉందన్నారు.

గురువుగారు షాపుకే వచ్చి చూశారు. ఐదో నిమిషంలో ఆపమన్నారు. కోపం చేసినా బాగుండేది, చేయలేదు. “బాబూ, ఘర్ఘరం ఎక్కడుంది?” అన్నారు. నాకు ఆ మాటే కొత్త. తెర మీది కుర్రాణ్ని చూపిస్తూ “వీడు ఇన్నాళ్లు చెమటోడ్చి నేర్చుకున్నది గజ్జెలు పలికించడం. ఇందులో కాళ్లూ లేవు, గజ్జెలూ లేవు” అని పెన్‌డ్రైవ్ టేబుల్ మీద పెట్టి లేచారు. డబ్బులు మాత్రం మొత్తం ఇచ్చారు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆయన పోయాక ఫుటేజీ మళ్లీ వేసుకున్నా. నిజమే. ముప్పావు వంతు షాట్లు నడుము పైకే. ఇక మిక్సర్ ట్రాకులో మృదంగం ఉంది, పాట ఉంది, తాళాలున్నాయి, గజ్జెలు లేనే లేవు. హాల్లో చెవులు గింగురుమన్నాయి, రికార్డింగ్‌లో ఎట్లా మాయమయ్యాయో అర్థం కాలేదు. పైగా తమ్ముడి కెమెరాలో వెనక ఎల్‌ఈడీ గోడ మీద నల్లని గీతలు పాకుతున్నాయి.

వచ్చే నెల వాళ్లదే ఇంకో ప్రోగ్రాం ఉంది. ఈసారి డబ్బులొద్దు, నేనే తీస్తానని బతిమాలుకున్నా. సరేనన్నారు. ఆట తెలిసినవాళ్లు కూర్చుని పూర్తిగా చూసేలా ఎట్లా తీయాలో కాస్త చెప్పండి. తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ విషయం కూడా చెప్పండి.

నట్టువాంగం_టీచర్:

తిట్టను తమ్ముడూ. తప్పు ఒప్పుకుని మళ్లీ తీస్తానన్నావు, అది చాలు.

ముందు ఘర్ఘరం సంగతి. కాకతీయ రాజు గణపతిదేవుని గజసేనాని జాయప 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ ఆధారంగా పెట్టుకుని నటరాజ రామకృష్ణగారు పేరిణిని మళ్లీ నిలబెట్టారు. పేరిణికి ఐదు అంగాలు చెప్తారు. అందులో ఘర్ఘరం అంటే గజ్జెలను పాదంతో పలికించే పనితనం. ఒకసారి అన్ని గజ్జెలూ, ఒకసారి కొన్నే, ఒకసారి పాదం కదులుతున్నా చప్పుడు రాకుండా. మృదంగంతో గజ్జె మాట్లాడుతుంటే నువ్వు కుర్రాడి భుజం తీశావు. విషమం అని ఇంకో అంగం ఉంది, ఎగరడాలు, దూకడాలు. నీ స్లో మోషన్ పడింది దాని మీదే అయుంటుంది. కాలు నేల మీద పడే క్షణం తాళానికి లెక్క. దాన్ని సాగదీస్తే ఇక మిగిలేది జిమ్నాస్టిక్సే.

కాబట్టి ఒక కెమెరా కదలకుండా ఉండాలి. తల పైన జానెడు, పాదాల కింద జానెడు వదిలి, మొత్తం స్టేజీ. ప్రోగ్రాం మొదలైనప్పటి నుంచి చివరి దాకా దాన్ని ముట్టుకోవద్దు. రెండో కెమెరా ముఖం కోసం, చేతుల కోసం. అది అక్కడక్కడ వాడుకో. నడుస్తున్న జతి (తాళానికి వేసే అడుగుల వరస) మధ్యలో కట్ చేయకు. తీర్మానం, అంటే జతిని ముగించే వరస, మూడుసార్లు వచ్చి సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడుతుంది. పడనిచ్చి, అప్పుడు షాట్ మార్చు. ఇది చెవికి తెలియాలంటే రిహార్సల్‌కి రెండు రోజులు పోయి కెమెరా లేకుండా కూర్చో.

వీలైతే ఒక పూట రామప్పకు పోయి ఆ మదనికలను (నాట్యం చేసే స్త్రీల శిల్పాలు) చూసి రా. ఏ శిల్పీ బొమ్మను నడుము దగ్గర ఆపేయలేదు. పనిలో పని ప్రోమో కూడా తీద్దామని ట్రైపాడ్ వేసుకుని పోయేవు, అది పురావస్తు శాఖ వాళ్ల రక్షిత కట్టడం, ముందే అనుమతి కావాలి.

మిక్సర్_మల్లన్న:

అన్నా, గజ్జెలు మాయం కాలేదు. నీ కేబుల్‌లోకి రాలేదు, అంతే. మిక్సర్ నుంచి వచ్చేది మైకు పెట్టిన వాటి సౌండ్ మాత్రమే. గజ్జెలకు మామూలుగా ఎవరూ మైకు పెట్టరు, హాల్లో వాటంతట అవే వినిపిస్తాయి కాబట్టి. నీకు హాల్లో వినబడింది, రికార్డర్‌కి వినబడలేదు.

స్టేజీ ముందు అంచున నేల మీద పరుచుకునే బౌండరీ మైకులు రెండు పెట్టు. అద్దెకు దొరుకుతాయి. స్టేజీ చెక్కదైతే లోపల బోలుగా ఉండి, ఎగిరినప్పుడల్లా దబ్‌మని కొడుతుంది. మైకు కింద పాత మౌస్ ప్యాడ్ ఒకటి వేయి, లో కట్ (లోతు చప్పుళ్లను కోసేసే స్విచ్) ఆన్ చేయి. వీటిని మిక్సర్‌లో కలపొద్దు. స్పీకర్లలోకి పోతే కూత పెడుతుంది. నేరుగా నీ రికార్డర్‌లో వేరే ట్రాకులకు ఇచ్చుకో. హాలు మొత్తం సౌండ్ కోసం, చప్పట్ల కోసం మధ్యలో ఇంకో జత మైకులు పెడితే మంచిది. లెవెల్ రిహార్సల్‌లో పెట్టుకున్నదానికంటే కాస్త తగ్గించే ఉంచు. జనాన్ని చూడగానే మృదంగం ఆయన చెయ్యి లేస్తుంది. ఎప్పుడూ లేస్తుంది.

ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు. వెనక కెమెరా స్టేజీకి 14 మీటర్ల దూరంలో ఉందనుకో. సౌండ్ సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే అక్కడికి చేరేసరికి 40 మిల్లీసెకన్లు ఆలస్యం. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో అది దాదాపు ఒక ఫ్రేము. నువ్వు ఎడిటింగ్‌లో రికార్డర్ సౌండ్‌ను కెమెరా మైకు సౌండ్‌తో ఆటోమేటిగ్గా కలిపేస్తావు కదా, అప్పుడు గజ్జె కాలి కంటే ఒక ఫ్రేము వెనకబడుతుంది. పెళ్లిలో ఎవడికీ తెలియదు. నాట్యం గురువు కంటికి మాత్రం ఏదో తేడాగా కొడుతుంది. మొదట్లో స్టేజీ మీద ఎవరితోనైనా చప్పట్లు కొట్టించి, చేతులు కలిసిన ఫ్రేముకి సౌండ్ కలుపు. చివర్లో కూడా ఒక చప్పట కొట్టించు. గంట దాటితే కెమెరా, రికార్డర్ టైము ఒకదానికొకటి కొంచెం అటూ ఇటూ జరుగుతుంది.

ఆ రెడీమేడ్ డ్రమ్స్ గురించి ఏమీ అనను.

పాత_స్టూడియో:

ఇరవై ఏళ్లు టీవీ స్టూడియోలో కెమెరా పని చేసి రిటైరై వరంగల్‌లో ఉంటున్నాను. నల్లగీతల సంగతి నేను చెప్తా. మన కరెంటు 50 హెర్ట్‌జ్. స్లో మోషన్ ఆశతో మీ తమ్ముడు సెకనుకు 60 ఫ్రేముల్లో పెట్టి ఉంటాడు, రెండింటికీ పొంతన కుదరదు. 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు పెడితే లైట్ల మినుకులు చాలావరకు పోతాయి. ఎల్‌ఈడీ గోడ ఇంకా మొండికేస్తే ముందు రోజే టెస్ట్ చేసి షట్టర్ కాస్త అటూ ఇటూ జరిపి చూడాలి. అసలు ఆ గోడ మీద కదిలే మంటలు, కైలాసం వీడియోలు వేయొద్దని నిర్వాహకులను బతిమాలండి. మనిషి ఆడుతున్నప్పుడు వెనక ఇంకొకటి ఆడకూడదు. ఆటో ఎక్స్‌పోజర్, ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయండి. విభూతి పూసిన ఒళ్లు స్పాట్‌లైట్‌లో తెల్లగా పేలిపోతుంది, దానికి తగ్గట్టు వెలుతురు కొలుచుకోండి.

ఈ తప్పు మీరొక్కరే చేయలేదు, పెద్దవాళ్లూ చేశారు. భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి మీద సత్యజిత్ రాయ్ 1976లో ‘బాల’ తీశారు. అందులో ఆమె సముద్రం ఒడ్డున ‘కృష్ణా నీ బేగనే’ పాట అభినయిస్తారు. గాలి, అలలు, ఎగిరే కొంగు. ప్రపంచమంతా మెచ్చిన దర్శకుడు, అయినా నాకు ఆ చోట ఆమె ముఖం కంటే గాలే ఎక్కువ కనబడుతుంది. అదే సినిమాలో ఆమె వర్ణం (భరతనాట్యంలో పెద్ద అంశం) ఆడిన భాగం చూడండి. అక్కడ ఆటే ఉంటుంది. నేను ఆ రెండూ పక్కపక్కన పెట్టి కుర్రాళ్లకు చూపించేవాణ్ని.

పనిలో పనిగా కాగితం మాట. ప్రదర్శించే కళాకారులకు మన కాపీరైట్ చట్టంలో విడిగా హక్కులున్నాయి, 50 ఏళ్ల పాటు. రికార్డు చేయడానికీ, యూట్యూబ్‌లో పెట్టడానికీ ఎనిమిది మంది కుర్రాళ్ల దగ్గరా, వాద్యం వాళ్ల దగ్గరా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. మైనర్లుంటే తల్లిదండ్రుల సంతకం. గురువుగారి మాట ఒక్కటే సరిపోదు.

ఢోలు_బిడ్డ:

అందరూ కెమెరా కదపొద్దు కదపొద్దు అంటున్నారు. నాకు ఒప్పుదల లేదు. మా తాత ఒగ్గు కథ చెప్పేవాడు, జనగామ దిక్కు. మల్లన్న కథ, బీరప్ప కథ. ఆయన కథ ఒకటి మా మేనమామ ట్రైపాడ్ మీద పెట్టి రాత్రంతా తీసిండు, మీరు చెప్పినట్టే, దూరం నుంచి, కదలకుండా. ఇప్పుడు తాత లేడు. ఆ వీడియో పెట్టుకుంటే గొంగడి కప్పుకున్న చిన్న బొమ్మ ఒకటి కనబడుతది, అంతే. కథ మధ్యలో ముందు కూసున్న ముసలమ్మను పట్టుకుని ‘ఏమవ్వా, నీ కోడలు కూడా గిట్లనేనా’ అంటే జనం పడి పడి నవ్విన్రు. ఆ అవ్వ ముఖం లేదు. నవ్వు వినబడుతది గానీ ఎందుకు నవ్విన్రో తెల్వదు. ఢోలు సౌండు మొత్తం చిరిగిపోయింది, అది వేరే బాధ.

స్టేజీ మీద నాట్యానికి మీ మాట నిజమే కావచ్చు. మూడు దిక్కులా జనం కూసుండే ఆటకు జనం కూడా ఆటలో భాగమే. గుడి ముందటనో ఊళ్లోనో తీసేటప్పుడు ఒక కెమెరా జనం వైపు కూడా తిప్పున్రి అన్నా.

నట్టువాంగం_టీచర్:

నిజమే అమ్మా. నేను చెప్పింది ప్రేక్షకులు ఎదురుగా ఒక్క వైపే కూర్చునే ఆటకు. ఒగ్గు కథకు నా లెక్క పనికిరాదు. తమ్ముడూ, ఈ అమ్మాయి మాట కూడా రాసిపెట్టుకో.

కాజీపేట_కెమెరా:

ఐదు వారాల తర్వాత రాస్తున్నా, ఏమనుకోకండి, మధ్యలో ముహూర్తాలు వచ్చిపడ్డాయి.

రిహార్సల్‌కి మూడు రోజులు పోయా. మొదటి రోజు ఏమీ అర్థం కాలేదు. మూడో రోజు తీర్మానం వస్తుంటే నా కాలు దానంతట అదే నేలకు కొట్టుకుంది, మృదంగం ఆయన చూసి నవ్వాడు. ఒప్పుకోలు కాగితాలు వాళ్ల గురువుగారే సంతకాలు పెట్టించి ఇచ్చారు.

మెయిన్ కెమెరా హాలు మధ్యలో, కదలకుండా. స్టేజీ అంచున పెట్టిన మానిటర్ బాక్సు (స్టేజీ మీది వాళ్లకు వినిపించే స్పీకరు) ఫ్రేములో కాళ్లను మింగేస్తుంటే సౌండ్ వాళ్లను అడిగి పక్కకు జరిపించా. ఇంతకుముందైతే నడుము పైకి ఫ్రేము పెట్టుకుని సరిపెట్టుకునేవాణ్ని. రెండో కెమెరా తమ్ముడికిచ్చి, గింబల్ ఇంట్లోనే వదిలేశా. మౌస్ ప్యాడ్ మా పాపది, బొమ్మలున్నది. నల్ల టేపు వేసి కప్పా. ఎల్‌ఈడీ గోడ ఆపమంటే నిర్వాహకులు ఒప్పుకోలేదు గానీ, కదలని ఒకే నీలం రంగు పెట్టించారు. గీతలు రాలేదు.

చప్పట్లకు సౌండ్ కలిపి, ఆ ఒక్క ఫ్రేము తేడాను జరిపి చూస్తే, మల్లన్నా, నాకే ఒళ్లు జలదరించింది. కాలు పడుతోంది, గజ్జె పలుకుతోంది. అంతే, ఇంకేమీ కలపలేదు. గంటా 12 నిమిషాలు, మొత్తం.

గురువుగారు నిన్న సాయంత్రం షాపుకొచ్చారు. చాయ్ తెప్పిస్తే ముట్టుకోలేదు. 38వ నిమిషంలో ఒక కుర్రాడి పట్టీ నుంచి గజ్జె ఒకటి ఊడి స్టేజీ మీద దొర్లింది. ఆ దొర్లడం కూడా నేల మైకులో పడింది, గింగిరాలు తిరుగుతూ పోయి ఆగేదాకా. అక్కడ ఆపించి, వెనక్కి వేయించి, మళ్లీ విన్నారు. “ఎవడిదిది?” అన్నారు. ఆ సౌండ్ తీసేయమంటారా అని అడిగా. “ఉండనీ, వాడికి చూపించాలి. ముందు రాత్రి బిగించుకోలేదు” అన్నారు. మళ్లీ చూడ్డంలో పడ్డారు.

పెన్‌డ్రైవ్ పట్టుకునిపోయారు. పొద్దున్నుంచి ఇద్దరు తల్లిదండ్రులు ఫోన్ చేసి, మా వాడు ఎగిరింది స్లో మోషన్‌లో రీల్ చేసివ్వరా అంటున్నారు. గురువుగారిని అడిగి చెప్తానన్నా.