వేప్ (ఈ-సిగరెట్) సీసా మీది 20 మి.గ్రా. ఎన్ని సిగరెట్లకి సమానం? "95 శాతం తక్కువ హాని" అని రాయొచ్చా?

కరపత్రం:
సిగరెట్ మానాలని వచ్చేవాళ్లకి కౌన్సెలింగ్‌లో ఇచ్చే రెండు పేజీల కాగితం తయారవుతోంది. మూడు చోట్ల ఆగిపోయింది.

ఒకటి, "ఈ-సిగరెట్ 95 శాతం తక్కువ హానికరం" అన్న వాక్యం ఉంచాలా, తీసేయాలా? రెండు, సీసా మీది మోతాదుని సిగరెట్లలోకి మార్చే పట్టిక కావాలంటున్నారు. 2 మి.లీ. పాడ్‌లో (వేప్ ద్రవం ఉండే చిన్న డబ్బా) మి.లీ.కి 20 చొప్పున 40 మి.గ్రా. నికోటిన్, సిగరెట్‌కి 1 మి.గ్రా. అనుకుని 40 సిగరెట్లు అని వేస్తే తప్పా? మూడు, రోజుకి 20 తాగే మనిషి వేప్ మొదలెట్టి 5కి దిగితే దాన్ని ఏమని రాయాలి?

పొగలెక్క:
95 అనేది కొలిచి తేల్చిన అంకె కాదండి. 2014లో ఒక నిపుణుల బృందం 12 రకాల నికోటిన్ ఉత్పత్తులకి 14 ప్రమాణాల మీద మార్కులు వేసింది. హాని ఎక్కువైన కొద్దీ మార్కులు ఎక్కువ. సిగరెట్‌కి దాదాపు 100 పడితే ఈ-సిగరెట్‌కి 4 పడ్డాయి, అంటే సుమారు 95 శాతం తక్కువ. మరుసటి ఏడు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ ఆ 95ని నివేదికలోకి ఎక్కించింది, అక్కణ్ణుంచి అది సామెతలా తిరుగుతోంది. అప్పటి పరికరాలు వేరు, ఇప్పటివి వేరు. పైగా ముప్పై ఏళ్లు వేప్ మాత్రమే తాగినవాళ్లు ఇంకా ఎవరూ లేరు.

అయితే అంకె గట్టిది కానంత మాత్రాన అది చూపించే దిక్కు తప్పు కాదు. సిగరెట్‌లో పొగాకు మండుతుంది: తారు, కార్బన్ మోనాక్సైడ్, 70కి పైగా క్యాన్సర్ కారకాలు. వేప్‌లో మంట లేదు. పూర్తిగా మారితే విషపదార్థాలు ఒంట్లోకి వెళ్లడం బాగా తగ్గుతుందని అమెరికా నేషనల్ అకాడమీస్ 2018లో తేల్చి చెప్పింది. కాబట్టి అంకె తీసేసి, "పూర్తిగా మారితేనే" అన్న మాటని పెద్దక్షరాల్లో వేయండి.

మీ మూడో ప్రశ్నకి జవాబూ అందులోనే ఉంది. గుండె జబ్బు ముప్పు సిగరెట్ల సంఖ్యతో సమానంగా తగ్గదు. రోజుకి ఒక్కటి తాగినా, 20 తాగేవాడికి ఉండే అదనపు ముప్పులో సుమారు సగం ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ చెప్పింది. 20 నుంచి 5కి దిగడాన్ని "మజిలీ" అని రాసి, పక్కనే చివరి సిగరెట్ తేదీకి ఖాళీ గడి పెట్టండి.

సిగరెట్ నిజంగా మానారా అని చూసే పరీక్షలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. వేప్ తాగే మనిషికి కోటినైన్ (నికోటిన్ ఒంట్లో విరిగితే వచ్చే పదార్థం) పరీక్ష చేయిస్తారు. నికోటిన్ ఎటునుంచి వచ్చినా కోటినైన్ కనిపిస్తుంది, అంచేత అది ఏమీ తేల్చదు. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ చూడాలి. 15 సెకన్లు ఊపిరి బిగబట్టించి, మెల్లగా మొత్తం ఊదించండి. వేప్ ఒక్కటే అయితే రీడింగ్ 6 పీపీఎం (పది లక్షల్లో 6 భాగాలు) లోపే ఉంటుంది. ఆ వాయువు నాలుగైదు గంటల్లో సగమైపోతుంది కాబట్టి పొద్దున్నే కాకుండా సాయంత్రం పూట చూడండి.

మోతాదుబల్ల:
పట్టిక వద్దు. మీ 40 సిగరెట్ల లెక్కలో ఒక పక్క పాడ్‌లో ఉన్న నికోటిన్, ఇంకో పక్క రక్తంలోకి చేరే నికోటిన్ ఉన్నాయి. సిగరెట్ పొగాకులోనూ 10-12 మి.గ్రా. ఉంటుంది, ఒంట్లోకి వెళ్లేది 1-1.5. వేప్‌లో ఎంత వెళ్తుందనేది కాయిల్ (ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట) వేడి, దమ్ము పొడవు, నికోటిన్ రూపం బట్టి మారుతుంది. ఫ్రీబేస్ నికోటిన్, అంటే లవణంగా మార్చనిది, క్షార గుణం వల్ల గొంతులో మండుతుంది. దానికి బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపి లవణంగా మారిస్తే ఆ మంట తగ్గుతుంది, మి.లీ.కి 50 మి.గ్రా. కూడా హాయిగా లోపలికి పోతుంది. యూరోపియన్ యూనియన్ పరిమితి మి.లీ.కి 20. డబ్బా మీద 2 శాతం అంటే సుమారు అదే.

పట్టికకి బదులు ఒక ప్రశ్న పెట్టండి: నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగిస్తారా? అవునంటే అలవాటు ముదిరినట్టే, తక్కువ మోతాదు ఆనదు. వికారం, ఎక్కిళ్లు, తల తిరగడం ఉంటే మోతాదు ఎక్కువైంది. గంటగంటకీ సిగరెట్ మీదికే మనసు పోతుంటే చాలట్లేదు.

కరపత్రం:
అయితే మి.లీ.కి 3 మి.గ్రా.తో మొదలెట్టమని చెప్పడం జాగ్రత్త అవదా?

కాయిల్‌శాస్త్రి:
జాగ్రత్తలా కనిపిస్తుంది, పని ఎదురు తిరుగుతుంది. నికోటిన్ తగ్గిస్తే మనిషి దమ్ము పొడవు పెంచుతాడు, పవర్ పెంచుతాడు, రెండింతల ద్రవం ఖర్చు చేస్తాడు. ఆ ద్రవం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ మిశ్రమం. వేడెక్కే కొద్దీ అది విరిగి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ పుడతాయి. తగ్గించేటప్పుడు ముందు తాగే వేళలు తగ్గాలి, ఆ తర్వాతే సీసా బలం.

అన్నిటికన్నా చెడ్డది ఎండిపోయిన దూది. కాయిల్ చుట్టూ దూదికి ద్రవం అందకపోతే వేడి ఒక్కసారి ఎగబాకుతుంది, మాడిన వాసన గొంతు పట్టేస్తుంది. కొత్త కాయిల్ వేసినప్పుడు దూది మీద నాలుగైదు చుక్కలు వేసి, నింపి, పది నిమిషాలు ఆగాలి. గ్లిజరిన్ ఎక్కువున్న చిక్కటి ద్రవం చిన్న పాడ్ కాయిల్‌లోకి పాకదు, సగంసగం మిశ్రమం వాడాలి. తీపి ఎక్కువున్న రుచులు కాయిల్ మీద నల్లటి పొర కట్టిస్తాయి. మాడు రుచి వచ్చిందా, కాయిల్ తీసి పారేయడమే.

2019-20లో అమెరికాలో వేప్ తాగి ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది పోయారు. ప్రధాన దోషి గంజాయి నూనె క్యాట్రిడ్జుల్లో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. దీన్ని మామూలు నికోటిన్ సీసాల ఖాతాలో రాయడం తప్పు. లేబుల్ లేని ద్రవం ముట్టుకోవద్దని రాయడం ఒప్పు.

పట్టీబిళ్ల:
అందరూ వేప్ నుంచే మొదలెడుతున్నారు, ప్యాచ్ (చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ) సంగతి ఎవరూ ఎత్తరేం? రోజుకి 10కి మించి తాగేవాళ్లకి 21 మి.గ్రా. ప్యాచ్ ఆరు వారాలు, 14ది రెండు, 7ది రెండు. సిగరెట్ మీదికి మనసు పోయినప్పుడు దానికి తోడు నికోటిన్ గమ్: లేచిన అరగంటలో తాగేవాళ్లకి 4 మి.గ్రా., మిగతావాళ్లకి 2. గమ్‌ని బబుల్‌గమ్‌లా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లే మిగులుతాయి. ఘాటు తగలగానే నమలడం ఆపి చెంపకీ చిగురుకీ మధ్య దాచాలి. కాఫీ, పళ్లరసం తాగిన పావుగంట దాకా వేసుకోకూడదు, నోట్లో ఆమ్లం ఉంటే నికోటిన్ ఇంకదు.

2019లో బ్రిటన్‌లో వచ్చిన ఒక అధ్యయనాన్ని వేప్ మంచిదనేవాళ్లూ, వద్దనేవాళ్లూ చూపిస్తారు. ఏడాదికి సిగరెట్ మానినవాళ్లు వేప్ గుంపులో 18 శాతం, ప్యాచ్-గమ్ గుంపులో 9.9. అలా మానినవాళ్లలో వేప్ గుంపువాళ్లు 80 శాతం మంది ఇంకా వేప్ పీలుస్తూనే ఉన్నారు; రెండో గుంపులో ప్యాచో గమ్మో వాడుతున్నవాళ్లు 9 శాతం. ఆ 80 శాతాన్ని విజయం అనాలా, బానిసత్వం మారింది అనాలా అన్నదే అసలు తగాదా. నలభై ఏళ్లుగా తాగుతున్నవాడికి అది లాభమే. ఎన్నడూ తాగని పద్నాలుగేళ్ల పిల్లకి మాత్రం అది నికోటిన్‌కి కొత్త గుమ్మం. మీ కాగితం మొదటివాడికే, ఆ మాట పైనే రాయండి.

ఇంకొక్కటి, దీన్ని ఎవరూ రాయరు. సిగరెట్ పొగలోని హైడ్రోకార్బన్లు కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్‌ని పరిగెత్తిస్తాయి. ఆ పని చేసేది నికోటిన్ కాదు. అందుకని వేప్‌కి మారినా ఎంజైమ్ నెమ్మదిస్తుంది, క్లోజపిన్, ఓలాంజపిన్ (మానసిక జబ్బుల మందులు), థియోఫిలిన్ (ఉబ్బసం మందు) వాడేవాళ్ల రక్తంలో మందు పెరిగిపోతుంది. వాళ్లు మానే తేదీకి ముందే డాక్టరుకి చెప్పాలి. కెఫీన్‌ది కూడా ఇదే దారి: సిగరెట్ మానాక పాత లెక్కనే కాఫీ తాగితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, అదంతా నికోటిన్ లేకపోవడం వల్లే అనుకుంటారు. కాఫీ సగానికి తగ్గించమని ఒక వాక్యం వేయండి.