కాలువ నీళ్లు వస్తున్నాయి కదా, ఊరి కుంట ఇంకా ఎందుకు?

పరకాల పొద్దు:
మా ఊరు పరకాల దగ్గర, రోడ్డు పక్కనే. ఊరి బయట ఒక కుంట ఉంది. దాని శిఖంలో, అంటే నీళ్లు నిలిచే భూమిలో, సగం ప్రభుత్వానిది, సగం పట్టా. కింద ఆయకట్టు చాలావరకు ప్లాట్లయింది. పెద్ద చెరువును శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాలువ నింపుతోంది కాబట్టి కుంటను వదిలేద్దాం, పట్టాదారులు అమ్ముకుంటే అమ్ముకోనిద్దాం అని గ్రామసభలో ఒక వర్గం అంది. రెండో వర్గం ససేమిరా అంది. నాకు ఎటూ తేలడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మత్తడి:
నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగ్గానే రాస్తాను. పాకాల, రామప్ప, లక్నవరం అంటూ కాకతీయుల పెద్ద చెరువుల పేర్లే చెప్పుకుంటాం. ఊళ్లను బతికించినవి మాత్రం పేరు లేని కుంటలు. పై కుంట నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు ఒర్రెలో, అంటే చిన్న వాగులో, పడి కింది చెరువుకు చేరతాయి. గొలుసుకట్టు అంటే అదే. మధ్యలో ఒకదాన్ని పూడిస్తే నీళ్లు ఆగవు, దారి మార్చుకుంటాయి. ఎవరి వాకిట్లోకో వానకాలంలో తెలుస్తుంది.

ఇక కాలువ సంగతి. 112 టీఎంసీలకు కట్టిన శ్రీరాంసాగర్ పూడిక చేరి ఇప్పుడు 80 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. అది నిండని ఏడాది కాలువ చివరి ఊళ్ల గతి ఏమిటో అక్కడి రైతులనే అడగండి. ఇక వరద మాటకొస్తే, 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అప్పుడే మరిచిపోయామా?

శిఖం పట్టాదారు:
మత్తడి గారూ, భయపెట్టడానికి మోరంచపల్లిని తేవద్దు. అప్పుడు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఏ కుంట ఆపుతుంది ఆ నీళ్లను?

నాకూ మా ఊరి కుంటలో ఎకరం పైచిలుకు పట్టా ఉంది. నిండితే పంట లేదు, తగ్గితే దున్నుకోవాలి. మా తాత కాలం నుంచి ఇదే బతుకు. కట్ట అవతలి భూమి గజాల లెక్కన పోయింది. అమ్మినవాళ్లు హనుమకొండలో ఇళ్లు కట్టుకున్నారు. బిడ్డ పెళ్లికని నేను అమ్మబోతే అందరికీ పర్యావరణం గుర్తుకొస్తోంది. ఊరందరి నీళ్లకు నా ఒక్కడి భూమే పూచీ పడాలా? కుంట కావాలనుకుంటే ఊరే కొనుక్కోవాలి.

నర్సంపేట టీచర్:
పట్టాదారు గారి బాధలో న్యాయం ఉంది. కానీ శిఖం పట్టా అంటే నీళ్లు తగ్గాక సాగు చేసుకునే హక్కు, ఇల్లు కట్టే హక్కు కాదు. మీరు అమ్మితే కొన్నవాడు నాగలి పట్టుకుని రాడు.

మా వైపు జరిగింది చెబుతాను. కుంట పూడ్చడానికి మొరం కావాలి కదా, పక్క గుట్టను తవ్వారు. సీతాఫలం చెట్లు పోయాయి, మేకలకు మేత పోయింది. ఇప్పుడు వాన పడితే గుట్ట మీది నుంచి ఎర్రటి నీళ్లు బురదతో సహా బడి గేటు దాకా వస్తున్నాయి. శిఖం హద్దు రాయి ఆ మొరం కిందే ఎక్కడో ఉంది. ఒక్క వెంచరుకు గుట్టా పోయింది, కుంటా పోయింది.

చేపల సంఘం:
కుంటలో చేప పిల్లలు పోసుకునే మమ్మల్ని ఏ ఊళ్లోనైనా ఎవరైనా అడిగారా? గ్రామసభల్లో మేమూ ఉంటాం, వెనక వరుసలో.

మత్తడి:
65 సెంటీమీటర్లను ఏ కుంటా ఆపదు, ఒప్పుకోవలసిందే. కానీ మామూలు ముసురుకే కాలనీల్లో మోకాళ్ల లోతు నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయి?

అసలు కుంట కంటే ముందు చచ్చేది ఒర్రె. ఎఫ్‌టీఎల్ (నిండితే నీళ్లు నిలిచే మేర) హద్దు కుంటకు వేస్తారు, బోర్డూ పెడతారు. నీళ్లు తెచ్చే ఒర్రెను మాత్రం రెండు ప్లాట్ల మధ్య సిమెంటు పైపులో దూర్చి చేతులు దులుపుకుంటారు. కొన్నేళ్లు నీళ్లు రాకపోతే దానికి ‘ఎండిన కుంట’ అని పేరు పడుతుంది. పూడ్చడానికి ఆ పేరు చాలు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులు, కుంటల పునరుద్ధరణ లక్ష్యంగా పెట్టుకుంది. మంచి పనే, పూడిక మట్టితో పొలాలు బాగుపడ్డాయి. నేను చూసిన చోట్ల మాత్రం ఒర్రెల జోలికి ఎవరూ పోలేదు.

పరకాల తమ్ముడూ, గ్రామ నక్షా (ఊరి భూముల పటం) తీయించండి. ఏ సర్వే నంబర్ల మధ్య నుంచి ఒర్రె పోతుందో అందులో గీతగా కనిపిస్తుంది. పట్టాదారులకు పరిహారం అడిగే తీర్మానం కూడా అదే సభలో పెట్టండి.

శిఖం పట్టాదారు:
తీర్మానం సరే. డబ్బు ఎవరిస్తారు?

పరకాల పొద్దు:
నక్షా నకలుకు దరఖాస్తు పెడుతున్నాను. ఒర్రె సర్వే, పట్టాదారులకు పరిహారం రెండూ ఒకే తీర్మానంలో రాస్తాను. ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తామంటే మొత్తానికే వద్దంటాను. శిఖం పట్టాకు నిజంగా పరిహారం ఇచ్చిన ఊరు ఎవరికైనా తెలిస్తే ఇక్కడ రాయండి, పట్టాదారు గారికి చూపించాలి.