చెరువుకట్ట మీద కుక్కలతో నడక: చలికాలం ఎండలో ఏమేం చూసుకోవాలి?

హన్మకొండ_ల్యాబ్ (ప్రశ్న)

మా ఇంట్లో రెండు కుక్కలు. ఒకటి నాలుగేళ్ళ ల్యాబ్రడార్, మగది, 32 కిలోలు. రెండోది తొమ్మిది నెలల దేశీ ఆడది, 14 కిలోలు. ఇప్పటిదాకా కాలనీ సిమెంటు రోడ్డు మీదే తిప్పుతున్నాం. ఈ చలికాలం ఆదివారాలు పొద్దున ఏదైనా చెరువుకట్ట మీద, ఎండ మంచిగ తగిలే చోట, చదునుగా మూడు నాలుగు కిలోమీటర్లు నడిపించాలని ఉంది. నడిపేది ఇద్దరం.

ల్యాబ్‌కు నీళ్ళు కనబడితే ఆగదు. దేశీది లాగదు గానీ వేరే కుక్కలను చూస్తే మొరుగుతుంది. టీకాలు అయినయి. ఎట్లాంటి కట్ట చూసుకోవాలి, ఎన్ని గంటలకు పోవాలి, నీళ్ళలో దింపొచ్చా, పొడుగు తాడు కట్టొచ్చా, వెంట ఏమేం ఉండాలి? పాకాల, రామప్ప వైపు తీసుకుపోవచ్చా?

మత్తడి_దారి

కట్ట పైభాగం చదునుగా ఉందా లేదా అన్నది ఎవరైనా చూస్తారు. మీ దగ్గర ల్యాబ్ ఉంది కాబట్టి ముందు చూడాల్సింది ఇంకోటి: అది నీళ్ళలోకి దూకితే ఎక్కడి నుంచి పైకి రాగలదు?

మన చెరువు కట్టలకు నీటివైపు రాళ్ళు పరిచి ఉంటాయి. నీటిమట్టం దగ్గర ఆ రాళ్ళకు పాచి పడుతుంది. దిగేటప్పుడు కుక్క జారుకుంటూ దిగిపోతుంది, ఎక్కబోతే గోళ్ళకు పట్టు దొరకదు. పక్కన మంచి చోటు ఉన్నా అటు పోదు, మనిషి నిలబడ్డ చోటికే మళ్ళీ మళ్ళీ ఎక్కాలని చూసి అలిసిపోతుంది. ఈత వచ్చిన కుక్క మునిగేది ఈ అలసటతోనే. అందుకని అది పడితే మీరు పడ్డచోట నిలబడి పిలవకండి. ఎక్కగలిగే చోటికి ఒడ్డు వెంట నడుస్తూ పిలవండి, అది మీ వెంటే ఈదుకుంటూ వస్తుంది.

దింపాలనుకుంటే బర్రెలు దిగే రేవు చూడండి. అక్కడ నేల మెల్లగా లోతవుతుంది, పశువుల తొక్కిడికి గట్టిపడి ఉంటుంది. చాకిరేవు వద్దు, సబ్బు, బ్లీచింగు నీళ్ళు ఉంటాయి. మట్టి కోసం తవ్విన శిఖం భూమిలో (నీళ్ళు తగ్గితే తేలే చెరువు నేలలో) ఒడ్డు పక్కనే నిలువు గుంత ఉండొచ్చు. నీళ్ళు నిండాక అది పైకి కనబడదు, కాబట్టి కర్రతో పొడిచి చూడకుండా మీరూ దిగొద్దు. గుర్రపుడెక్క కమ్మిన చోట కుక్క దాన్ని నేల అనుకుని అడుగేస్తుంది, వేర్లలో కాళ్ళు చిక్కుకుంటాయి. తూముకు, మత్తడికి (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటికి) కనీసం యాభై అడుగులు ఎడంగా ఉండండి. మత్తడి మీద నీళ్ళు అరచేతి మందమే పారుతున్నా కింద పాచి ఉంటే నాలుగు కాళ్ళూ ఒకేసారి జారతాయి.

కాకతీయ కాలువ గట్టు చూడ్డానికి ఇంతకన్నా తేలికైన దారిలా ఉంటుంది. సిమెంటు లైనింగ్ వాలు మీద నీళ్ళు వదిలిన రోజుల్లో పడితే మనిషే ఎక్కలేడు. నీళ్ళంటే ఆగని కుక్కకు ఆ దారి పెట్టుకోవద్దని నా మాట.

ఊళ్ళో అయితే వడ్డేపల్లి, భద్రకాళి కట్టల మీద దారి బాగుంటుంది, కానీ పొద్దున నడిచే జనం ఎక్కువ. గేటు ఉన్నచోట కుక్కలను రానిస్తారో లేదో ముందే అడిగి పోండి. వడ్డేపల్లి, ధర్మసాగర్ నీళ్ళు ఊరికి తాగునీళ్ళు కూడా, అక్కడ నీళ్ళలోకి దింపకపోవడమే మర్యాద. కరీంనగర్ మానేరు డ్యాం కట్ట లాంటి పొడుగు చోట్ల నీడ తక్కువ. పోయినంత దూరం తిరిగి రావాలి, తిరుగుదారిలో ఎండ ముదురుతుంది. కాబట్టి కుక్క హుషారుగా ఉండగానే మళ్ళండి. మొదటి రెండు వారాలు మొత్తం రెండు కిలోమీటర్లు చాలు. సిమెంటు మీద నడిచిన కాళ్ళకు మొరం గరుకు కొత్త, అరికాలి మెత్తలు గీరుకుపోతాయి.

పాకాలకు తీసుకుపోవద్దు. అది అభయారణ్యం. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ లాంటి జబ్బులు అడవి జంతువులకు అంటుతాయి, ఆ జంతువులకు టీకాలు వేసేవాళ్ళెవరూ ఉండరు. రామప్ప దగ్గర చెరువు వైపు మామూలు రోజు పొద్దున్నే అయితే సరే, సెలవు రోజు జనం ఎక్కువ. గుడి చూడాలంటే ఒకరు పోయి వచ్చాక ఇంకొకరు పోండి. కుక్కలను కారులో వదిలి పోవద్దు: బయట 25 డిగ్రీలే ఉన్నా అద్దాలు మూసి ఎండలో ఉన్న కారు లోపల అరగంటలో 40 దాటుతుంది. అద్దం నాలుగు వేళ్ళు దించినా పెద్ద తేడా ఉండదు.

పొడుగు తాడు కట్ట మీద వద్దు.

ఛాతీ_బెల్టు

పొడుగు తాడు గురించి పైన చెప్పింది కట్ట పైభాగానికైతే నిజమే. కానీ నీళ్ళు తగ్గాక శిఖంలో తేలిన మైదానం, కట్ట వెనకాల కోత అయిపోయిన మళ్ళు ఉంటాయి కదా, అక్కడ వాసనలు చూసుకుంటూ తిరిగేందుకు పొడుగు తాడు అంత మంచిది ఇంకోటి లేదు. అయిదు మీటర్లు చాలు, పది మీటర్లది కొత్తవాళ్ళ చేతిలో చిక్కులు పడుతుంది. నీళ్ళు పీల్చని ప్లాస్టిక్ పూత పట్టీ తీసుకోండి. నూలు తాడు తడిస్తే బరువెక్కి చేతిని కోస్తుంది. చివర చేతికి వేసుకునే ముడి గానీ ఉచ్చు గానీ ఉండొద్దు, చేయి జారితే అది సర్కారు తుమ్మ కొమ్మకో రాయికో తగులుకుని కుక్క అక్కడే ఇరుక్కుంటుంది. దీన్ని బాడీ బెల్టుకు వీపు మీది రింగుకే తగిలించాలి. మెడ బెల్టుకు కడితే 32 కిలోల కుక్క పరుగు మీద తాడు చివరికి రాగానే ఆ గుంజుడంతా గొంతు మీద పడుతుంది.

కట్ట మీద మాత్రం మామూలు ఆరడుగుల పట్టీయే. ల్యాబ్‌కు అంగుళం వెడల్పు, చిన్నదానికి ముప్పావు అంగుళం. ఇనుప గొలుసు ఎండకు వేడెక్కుతుంది, గుంజితే అరచెయ్యి చీరుకుపోతుంది. బటన్ నొక్కితే లోపలికి చుట్టుకునే సన్నతాడు లీష్‌లు నీళ్ళ పక్కన అస్సలు వద్దు. లాక్ ఒక్కోసారి పట్టదు. ఆ ఒక్కసారి చాలు. పట్టీని మణికట్టుకు చుట్టుకోవద్దు. బొటనవేలికి ఉచ్చు వేసి, మిగిలింది అరచేతిలో మడిచి పట్టుకోండి.

బాడీ బెల్టు ముందువైపు ఆంగ్ల 'వై' అక్షరంలా ఉండాలి. భుజాలకు అడ్డంగా పోయే పట్టీ ఉన్నది తీసుకుంటే అడుగు పొట్టిదవుతుంది. పక్కటెముకల చుట్టూ కొలిచి కొనండి, పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. చంకకు, పట్టీకి మధ్య రెండు మూడు వేళ్ళ ఎడం ఉండాలి, లేకపోతే తడిసిన రోజు చంకలో ఒరుసుకుని పుండు పడుతుంది. ల్యాబ్ లాగుతుందంటే ఛాతీ మీది రింగుకు కట్టండి. లాగిన ప్రతిసారి మీ వైపే తిరుగుతుంది.

వెంట ఉండాల్సినవి: లీటరున్నర నీళ్ళు, మడిచే గిన్నె, సన్నమూతి ట్వీజర్, దూది, ఒక క్రేప్ బ్యాండేజీ, పాత తువ్వాల, మలం ఎత్తే కవర్లు. కట్ట అంచుల్లో పల్లేరు కాయలు ఉంటాయి. నడుస్తున్న కుక్క ఉన్నట్టుండి కాలెత్తి నిలబడితే అదే. వేళ్ళ సందులో చూసి ట్వీజర్‌తో తీయండి, వదిలేస్తే నోటితో లాక్కుంటుంది. తుమ్మ ముల్లు మాత్రం మొన విరిగి లోపలే ఉండిపోవచ్చు. రెండు మూడు రోజులకు వాపు, కుంటడం కనబడితే డాక్టర్‌కు చూపించాల్సిందే.

పశువైద్యం_ఓరుగల్లు

వేళ సంగతి. డిసెంబరు, జనవరిలో ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మధ్య హాయిగా నడవొచ్చు. ఫిబ్రవరి చివరికి తొమ్మిది లోపలే ముగించండి, ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటితే కట్ట ఊసే వద్దు. నేల వేడి చూడ్డానికి చేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించండి. మీకు ఓర్చుకోలేనట్టుంటే దాని అరికాళ్ళకూ అంతే. గ్రానైటు బండలు, టైల్స్ మొరం కన్నా ముందే కాలతాయి.

కుక్కకు చెమట పట్టేది అరికాళ్ళలో కొంచెమే, ఎండలో ఒంటి వేడి ఎక్కువగా తగ్గేది వగర్చడం వల్ల. నీళ్ళ పక్కన గాలి తేమగా ఉన్నప్పుడు వగర్చినా అంత చల్లబడదు. మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. నాలుక వెడల్పయి ముదురు ఎరుపెక్కడం, చిక్కటి జొల్లు, తూలడం కనబడితే అది వడదెబ్బ. నీడకు తీసుకుపోయి మామూలు నీళ్ళు పొట్ట, గజ్జలు, కాళ్ళ మీద ధారగా పోస్తూ గాలి విసరండి. తడి తువ్వాల కప్పి ఉంచొద్దు, కింద వేడి నిలిచిపోతుంది. 103కు దిగాక పోయడం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి, లేచి నడిచినా సరే. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులున్నవాళ్ళు నేను చెప్పిన వేళల్లోంచి ఇంకో గంట తగ్గించుకోవాలి.

నీళ్ళు ఇరవై నిమిషాలకొకసారి కొంచెం కొంచెం ఇవ్వండి, పెద్దదానికి ఒక గ్లాసు చాలు. కడుపునిండా తిన్నాక రెండు గంటల లోపల నడక, పరుగు వద్దు. ఛాతీ లోతున్న పెద్ద కుక్కలకు కడుపు ఉబ్బి మెలి తిరిగే ప్రమాదం ఉంటుంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది.

చెరువు నీళ్ళు తాగనివ్వద్దు. నిలవనీళ్ళ మీద ఆకుపచ్చ రంగు డబ్బా ఒలికినట్టు తెట్టె కనబడితే ఆ రోజు ఒడ్డుకే పోవద్దు. ఆ పచ్చ తెట్టెలో కొన్ని రకాలు కాలేయాన్ని, నరాలను దెబ్బతీసే విషం చేస్తాయి, ఒంటి మీది తడి నాకినా లోపలికి పోతుంది. పొరపాటున తడిస్తే నాకకముందే మంచినీళ్ళతో కడగండి. వాంతులు, వణుకు మొదలైతే ఆగకుండా ఆసుపత్రికే. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనుషులకూ అంటుతుంది. మీ టీకా కార్డులో లెప్టో ఉందో లేదో చూడండి, ఉంటే అది ఏటేటా వేయించాల్సిన టీకా.

ల్యాబ్ ఈదిన రోజు చెవులు లోపల పొడి గుడ్డతో తుడవండి, తడి నిలిస్తే చీము పడుతుంది. చల్లటి నీళ్ళలో ఎక్కువసేపు ఈదాక తోక మొదలు దగ్గర నొప్పి వచ్చి తోకను వేలాడేసుకోవచ్చు, మామూలుగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయొద్దు. బ్రూఫెన్, పారాసిటమాల్ కుక్కకు ప్రమాదం.

మన దగ్గర పిడుదులు ఏడాదంతా ఉంటాయి, వానల తర్వాత ఇంకా ఎక్కువ. ఇంటికి రాగానే చెవి మడతలు, మెడ బెల్టు కింద, చంకలు, వేళ్ళ సందులు, తోక కింద వేళ్ళతో తడమండి. కనబడితే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా నిదానంగా లాగాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్ల ఆనించడం లాంటివి చేస్తే పిడుదు తన ఉమ్మిని ఇంకా లోపలికి వదులుతుంది. నడక తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, తిండి మానేయడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కనబడితే రక్తపరీక్ష చేయించండి. పిడుదుల మాత్రల్లో నెలకోటి, మూడు నెలలకోటి ఉన్నాయి. బరువును బట్టి డాక్టర్ రాస్తారు, ఆ 32 కిలోల మాత్రను విరిచి చిన్నదానికి పెట్టొద్దు.

హన్మకొండ_ల్యాబ్

చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. కట్ట చివర ఊరకుక్కల గుంపు ఉంటే ఏం చేయాలి? పాముల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

కట్టకింది_రైతు

ఊరకుక్కలకు కట్టల మీద ఎవలి హద్దు వాళ్ళదే. చికెన్ దుకాణాల చెత్త, బువ్వ పారబోసే జాగ కాడ గుంపు ఉంటది. మొదటిసారి కుక్కలు లేకుంట మీరొక్కరే నడిచి ఆ జాగలు చూసుకోండ్రి. అవి ఉరికొస్తే మీరు ఉరకొద్దు. ఆడనే ఆగి మీ కుక్కను వెనకకు తెచ్చుకొని, పక్కకు తిరిగి, వచ్చిన తొవ్వలనే మెల్లగ మళ్ళుండ్రి. పట్టీ బిగ్గట్టి గుంజొద్దు. గుంజితే మీ దేశీది ఇంకా రెచ్చిపోతది, అవతలివి కూడ ఎగబడతయి. చేతికర్రతోని నేల మీద కొడితే చాలు, కుక్కను కొట్టుడు వద్దు. చిన్న కుక్కను చంకకెత్తుకుంటే అవి మీ మీదికే దుంకుతయి. కరిస్తే పుండును సబ్బు పెట్టి నల్లా కింద పావుగంట కడగండ్రి, మనిషైనా కుక్కైనా అంతే. టీకా అయిన కుక్కకు కూడ మళ్ళ సూదులు వడతయి, అదే రోజు డాక్టర్ కాడికి పోవాలె.

పాములంటే చలికాలం పొద్దున అవి ఎండకే బయటికొస్తయి. మీరు ఎండ కోసం పోయే ఏడు, ఎనిమిది గంటలకే రాళ్ళ మీద రక్తపింజర చుట్టుకొని పండుకుంటది, మనిషి వచ్చినా లేవది. అందుకే నీటి దిక్కు రాళ్ళ సందులల్ల కుక్క మూతి వెట్టనియ్యొద్దు, తొవ్వ నడుమ నడిపియ్యుండ్రి. కరిస్తే కట్లు కట్టుడు, కోసుడు, పసరు పోసుడు వద్దు. నడిపియ్యొద్దు, ఎత్తుకొని పోవాలె. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ విరుగుడు సూది ఒక్కటే, కనుక పామును వెతికి పట్టుకుందామని టైం పాడు చెయ్యొద్దు. ఆ సూది మీ డాక్టర్ కాడ ఉన్నదో లేదో ఇయ్యాల్లనే ఫోన్ చేసి అడిగి వెట్టుకోండ్రి.

ఎండాకాలం మొరం మీద తీతువ పిట్ట గుడ్లు వెడతది, గూడు గిట్ల ఏమీ ఉండదు. మీ నెత్తి మీద తిరుగుకుంట మొత్తుకుంటే కుక్కను దగ్గరికి తీసుకొని అవతలికి జరగండ్రి.

మత్తడి_దారి

ఇంకో రెండు మాటలు. మలం ఎత్తి కవర్లో కట్టి ఇంటికి తెచ్చుకోండి. కొంకిపురుగుల గుడ్లు దాంట్లోంచే నేలలో చేరతాయి, కట్ట మీద ఉత్త కాళ్ళతో నడిచే పిల్లలుంటారు, బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్ళంతా అక్కడికే వస్తారు. పురుగుల మందు మూడు నెలలకోసారి వేయండి.

చేపలు పట్టేవాళ్ళు కూర్చునే చోట ఎరతో ఉన్న గాలాలు పడి ఉంటాయి. వాసనకు ల్యాబ్ మింగేస్తుంది. నోట్లోంచి దారం వేలాడుతుంటే లాగొద్దు, కోయొద్దు. లాగితే గాలం పేగుకు దిగబడుతుంది, కోస్తే డాక్టర్‌కు ఆధారం పోతుంది. దారాన్ని మెడ బెల్టుకు వదులుగా కట్టి, తినడానికి తాగడానికి ఏమీ పెట్టకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి.